ఎవరి పక్కన నిలబడాలో చెప్పని కథ

ఇంగ్లీషులో లావు లావు ఫాంటసీ నవలలు చదివే పిల్లలు ఇప్పుడు మా ఈపూరు వైపు కూడా ఉన్నారు. ఎక్కువమంది ఫోన్లోనే చదువుతారు. హైదరాబాదులో, బెంగళూరులో ఉద్యోగాలు చేసేవాళ్లు కొందరు పండక్కి వచ్చేటప్పుడు ఇటుకంత పుస్తకం బ్యాగులో వేసుకొస్తారు. వాళ్లను కదిలిస్తే రెండే మాటలు వినపడతయ్. సగం మంది "అబ్బ, ఏం రాశాడన్నా" అంటారు. మిగతా సగం "వంద పేజీలు చదివా, ఎవరు ఎవరో అర్థం కాలా, పక్కన పడేశా" అంటారు.

ఈ రెండో రకం వాళ్ల గోల కొంచెం ఓపిగ్గా వింటే అందులో మూడు ఫిర్యాదులు ఉంటయ్. ఒకటి, మనుషులు మరీ ఎక్కువ. రెండు, కథ మొదటి నుంచి చెప్పకుండా నడిమధ్యలో ఎత్తుకుంటారు. మూడోది అసలైంది. మంచోడు ఎవరో చెడ్డోడు ఎవరో చెప్పరు, చదివేవాడు ఎవరి పక్కన నిలబడాలో తెలవదు.

ఈ రకంలో అన్నిటికంటే మొండిది స్టీవెన్ ఎరిక్సన్ రాసిన మలాజన్ సిరీస్. 1999లో మొదలై 2011కి పది సంపుటాలయ్యింది. ఎరిక్సన్ చదివింది పురావస్తు శాస్త్రం, మానవ శాస్త్రం. అందుకేనేమో తవ్వకంలో దొరికిన కుండపెంకుల్లాగా కథను ముక్కలు ముక్కలుగా మన చేతిలో పెడతాడు, అతికించుకునే పని మనదే. మొదటి పుస్తకం 'గార్డెన్స్ ఆఫ్ ద మూన్' దగ్గరే ఆగిపోయినోళ్లు ప్రపంచమంతా ఉన్నారు. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్‌ది ఇంకో దారి. టీవీలో 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' పేరుతో వచ్చింది చూడండి, ఆ పుస్తకాలు. మొదటిది 1996లో, ఐదోది 2011లో వచ్చినయ్. ఆరో దాని కోసం చదువరులు ఇంకా ఎదురుచూస్తానే ఉన్నారు. రాబర్ట్ జోర్డాన్ అయితే 'వీల్ ఆఫ్ టైమ్' పూర్తిచెయ్యకుండానే 2007లో కాలం చేశాడు. బ్రాండన్ శాండర్సన్ అనే ఇంకో రచయిత మిగతాది రాసి, 2013లో పద్నాలుగో సంపుటంతో ముగించాడు. ఒకరి కథను ఇంకొకరు ముగించడం వింతగా చెప్పుకున్నారు గానీ, తెలుగోళ్లకు ఇందులో ఏం వింత? నన్నయ ఆపేసిన భారతాన్ని తిక్కన అందుకుని, మిగిలిపోయిన అరణ్యపర్వం ముక్క ఎర్రన పూర్తిచేసేసరికి దాదాపు మూడొందల ఏళ్లు పట్టింది.

ఇంతకీ నేను చెప్పొచ్చేదేందంటే, ఈ మూడు ఫిర్యాదులూ మన పల్నాటి వీరుల కథ మీద కూడా చెయ్యొచ్చు. ఒక్కటి కూడా తక్కువ కాకుండా. కానీ ఈ కథ రాత్రుళ్లు కూర్చుని విన్న జనం ఆ ఫిర్యాదులు చెయ్యలా. ఈమధ్య చదవడం మొదలెట్టిన మనమే చేస్తన్నాం.

మనుషుల సంగతి చూద్దాం. అనుగురాజు ఈ సీమకు వస్తాడు. వెలనాటి రాజు కూతురు మైలమను చేసుకుంటే పల్నాడు అరణంగా వచ్చిందని కథ. ఆయనకు ఇంకా భార్యలున్నారు. మైలమ కొడుకు నలగామరాజు. ఇంకో భార్య కొడుకులు మలిదేవాదులు. వీళ్లందరి మీదా పెద్దదిక్కు మంత్రి బ్రహ్మనాయుడు. ఆయన తండ్రి దొడ్డనాయుడు కూడా అనుగురాజు కాడ మంత్రే. ఆ పక్కన నాయకురాలు నాగమ్మ. తర్వాత బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు, తల్లి ఐతాంబ, పెళ్లాం మాంచాల, మాల కులంలో పుట్టి సేనకు పెద్దయిన కన్నమదాసు, కొమ్మరాజు, ఆయన కొడుకు అలరాజు, బ్రాహ్మణ పిల్లగాడు అనపోతు... ఇట్టా పోతే అరవై ఆరుగురు వీరనాయకులు. కారంపూడి వీరుల గుడిలో రాళ్లుగా నిలబడి పూజలందుకునేది వాళ్లే. ఒక్కో రాయికీ ఒక కథ.

మరి విన్నవాళ్లకు ఇదంతా ఎట్టా గుర్తుంది? ఇంగ్లీషు పుస్తకం ముందు మ్యాపు ఉంటది, వెనక పేర్ల పట్టిక ఉంటది. మన వాళ్లకు మ్యాపు కాళ్ల కిందే ఉంది. నలగాముడు అంటే గురజాల. మలిదేవులు అంటే మాచర్ల. నాగమ్మ అంటే జిట్టగామాలపాడు. అలరాజు చచ్చిపోయింది చర్లగుడిపాడు. యుద్ధం జరిగింది కారంపూడి, ఆ పక్కన పారేది నాగులేరు. ఈపూరు నుంచి ఉత్తరానికి పోయే ఎవరికైనా ఇవి బస్సు బోర్డుల మీద కనపడే పేర్లే. సంతకు పోయిన ఊరు, పిల్లనిచ్చిన ఊరు. ఊరు గుర్తుంటే మనిషి గుర్తుంటాడు, మనిషి గుర్తుంటే వాడి పగ గుర్తుంటది. పేర్ల పట్టికలో ఇక చుట్టరికాలు మిగిలినయ్. పల్నాడులో ఎవరికెవరు ఏమవుతారో పట్టిక లేకుండా చెప్పలేని ముసలమ్మ ఉంటదా?

మధ్యలో ఎత్తుకునే సంగతి ఇంకా సొంపుగా ఉంటది. కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరుల తిరునాళ్లు మొదలవుతయ్. ఐదు రోజులు. ఊరూరి నుంచి ఆచారవంతులు వీరుల ఆయుధాలు, వాటిని కొణతాలంటారు, మోసుకొస్తారు. రోజుల పేర్లు వరసగా చెప్తా వినండి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. కథ తెలిసినవాళ్లు ఈ వరసను ఒక్కసారి సరిచూసుకోండి. కథలో ముందు జరిగింది కోడిపందెం. అందులో ఓడితే వలస పోయారు, అప్పుడు మండాదిలో పశువుల మందల మీద పోరు జరిగింది. గడువు తీరాక అలరాజు రాయబారం. తిరునాళ్లలో మాత్రం రాయబారం ముందు, మందపోరు తర్వాత, కోడిపోరు ఆ తర్వాత. అంటే వెనక నుంచి ముందుకు నడుస్తన్నారు. చావు కబురు ముందు చెప్పి, ఆ చావు ఎందుకొచ్చిందో ఒక్కో మెట్టూ వెనక్కి దిగి చూపించినట్టు ఉంటది. ఎందుకీ వరసంటే ఆచారం అంటారు, నేను దానికి శాస్త్రం చెప్పబోను. కానీ కథ కాలం తలకిందులైందని తిరునాళ్లకొచ్చిన ఒక్కరు కూడా గందరగోళపడి ఇంటికి పోలేదు. అదే పని నవలలో చేస్తే "అర్థం కాలా" అని పుస్తకం మూసేస్తన్నాం.

ఇక మూడో ఫిర్యాదు. నేను ఎక్కువసేపు కూర్చోవాలనుకున్నది ఇక్కడే.

పల్నాటి కథ చదివినవాళ్ల అభిప్రాయాలు ఒక చోట పోగేస్తే అవన్నీ ఒకే కథ గురించి అనిపించదు. ఎందుకంటే ఎవరూ మొత్తం కథ చదవలా. శ్రీనాథుడి పేరు మీద మనకు దక్కిన ద్విపదలో ప్రధానంగా ఉన్నది బాలచంద్రుడి యుద్ధం. దాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించాడు, చదువుకున్న తెలుగోళ్ల చేతికి ఈ కథ అట్టా అందింది. అది నిజంగా శ్రీనాథుడు రాసిందేనా అని పండితులు తగువు పడ్డారు, ఆ తగువు మనకిప్పుడు అక్కర్లా. కావాల్సిందేందంటే, అచ్చులో ముందుగా బయటికొచ్చింది ఒక కుర్రాడి వీరావేశం. తల్లి ఆపినా, తండ్రి పిలవకపోయినా, పెళ్లయిన పెళ్లాం కాడ ఒక్క రాత్రి నిలిచి యుద్ధానికి పోయే పిల్లగాడు. పాఠంగా పెట్టాలన్నా, ఏకపాత్ర వెయ్యాలన్నా, బుర్రకథ చెప్పాలన్నా అదే ముక్క. రక్తం ఉడికే ముక్క గదా మరి.

ఆ ముక్క ఒక్కటే చదివిన మనిషికి కలిగే అభిప్రాయం పేరే 'పల్నాటి పౌరుషం'. ఫ్లెక్సీల మీద మీసం పక్కన రాసుకునే మాట. ఎక్కడ రెండు వర్గాలు కర్రలు పట్టుకున్నా శీర్షికకు 'పల్నాటి యుద్ధం' రెడీగా ఉంటది. 2024 మే నెల ఎన్నికలప్పుడు మాచర్ల, నరసరావుపేట వైపు గొడవలయ్యి 144 సెక్షన్ పెట్టాల్సొచ్చింది. అప్పుడు కూడా జనం నోట్లో ఈ కథే నలిగింది. చూశారా, ఎనిమిది వందల ఏళ్ల నాటి కథలో ఏ భాగం చదివామన్నదాన్ని బట్టి ఇవాళ ఎవడి తల పగులుద్దో కూడా కొంత తేలుతుంది.

మొత్తం కథలో పౌరుషం ఎట్టా కనపడుద్దో చూడండి. అలరాజు నలగామరాజుకు సొంత అల్లుడు. మలిదేవుల తరపున రాయబారిగా మామగారి ఊరికొచ్చాడు. విషం పెట్టి చంపించారు. ఆయన పెళ్లాం పేరిందేవి, అంటే నలగాముడి కూతురు, మొగుడితో పాటు చితి ఎక్కింది. ఇక్కడ గెలిచింది ఎవరు? నలగాముడి వైపు వాళ్లు నలగాముడి కూతురునే పోగొట్టారు. బాలచంద్రుడు స్నేహితుడు అనపోతును యుద్ధానికి రాకుండా ఏదో నెపం పెట్టి వెనక్కి పంపితే, సంగతి తెలిసి ఆ పిల్లగాడు ప్రాణం తీసుకున్నాడు. కాపాడదామని చేసిన పనే చంపింది. చివరికి బ్రహ్మనాయుడు నలగామరాజును పట్టుకుంటాడు. పట్టుకుని ఏం చేశాడు? మళ్లీ తీసుకుపోయి అదే గద్దె మీద కూర్చోబెట్టాడు. అంతమంది చచ్చినాక, కొడుకు చచ్చినాక, ఎవరి మీద యుద్ధం చేశారో ఆయనకే రాజ్యం. ఈ ముగింపు తెలిసినవాడు మీసం పక్కన ఆ మాట రాసుకోగలడా అని నా అనుమానం.

నాగమ్మ విషయంలో చదువరులు ఇంకా అడ్డంగా చీలిపోతారు. సినిమాలు చూసిన తరానికి ఆమె కుట్రలమారి. 1947 'పల్నాటి యుద్ధం' గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెడితే, ఆయన పోయాక ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేశాడు. అందులో నాగమ్మ కన్నాంబ. 1966లో వచ్చిన దాంట్లో భానుమతి, ఎదురుగా బ్రహ్మనాయుడుగా ఎన్టీఆర్. ప్రతినాయకి వేషానికి ఇద్దరు మహానటులను పెట్టారంటేనే ఆ పాత్రలో ఎంత సరుకుందో వాళ్లకు తెలుసన్నమాట. జనం తిట్టుకుంటానే ఆమె కోసమే కళ్లు పెట్టుకుని చూశారు.

కథలో ఆమె దారి వేరే రకంగా కనపడుద్ది. రాజుగారికి దారిలో మర్యాద చేసి, ప్రతిఫలంగా ఏడు గడియలు మంత్రి పదవి అడిగిన ఆడమనిషి. పన్నెండో శతాబ్దంలో, రాజవంశం అండ లేకుండా, మంత్రి అయ్యింది. ఈమధ్య చదివే ఆడవాళ్లలో చాలామంది ఆమెను తెలుగు నేల మీద తొలి మహిళా మంత్రిగా చూస్తన్నారు. 'మొగోడు చేస్తే రాజనీతి, ఆడది చేస్తే కుట్రా' అని అడుగుతన్నారు. న్యాయమైన ప్రశ్నే. అట్టాగని విషం సంగతి, మందల సంగతి మర్చిపోతే మళ్లీ సగం కథే చదివినట్టు.

బ్రహ్మనాయుడు కూడా ఏమంత తేలికగా తేలడు. కోడిపందెంలో నాగమ్మ మోసం చేసి గెలిచిందని ఎక్కువమంది చెప్పే మాట. ఆయన కోడి చిట్టిమల్లు, ఆమెది శివంగిడేగ, ఓడినవాళ్లు ఏడేళ్లు ఊరొదిలి పోవాలి. సరే, మోసమే అనుకుందాం. అంత తెలివి గల మంత్రి రాజ్యాన్ని కోడి కాలికి ఎట్టా కట్టాడయ్యా? ధర్మరాజును అడిగిన ప్రశ్నే ఈయననూ అడగాల. ఊరికే దీన్ని పల్నాటి భారతం అనలా.

అదే బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి కూడు పెట్టాడు. చాపకూడు. మందపోరు నాడు కారంపూడిలో ఇప్పటికీ చాపకూడు జరుగుద్ది. మాల కన్నమదాసును కొడుకుగా చూసుకున్నాడు, సేన అప్పగించాడు. బాలచంద్రుడి వెంట నడిచిన తమ్ముళ్లు ఒక్కొక్కరు ఒక్కో కులం. ఈ కథను దళితవాడల్లో కూర్చుని విన్నవాళ్లకు మొదట వినపడింది బాలచంద్రుడి డైలాగు కాదు, ఈ చాప. ఊళ్లో బావి కాడ నీళ్లు తోడుకోనియ్యని రోజుల్లో, మావాడు సేనాపతి అని రాత్రంతా పాడే పాటను ఎట్టా విని ఉంటారో ఊహించండి. పెద్ద కులాల చదువరులకు చాపకూడు ఒక సంస్కరణ కబురు, బ్రహ్మనాయుడి మంచితనానికి ఉదాహరణ. అక్కడ కూర్చున్నవాళ్లకు అది జరగాల్సిన బాకీ. రెండు అభిప్రాయాలూ ఒకే కథ మీదే.

ఇంకో సంగతి కూడా కలుపుకోవాల. ఈ కథను ఇన్నేళ్లు నోట్లో పెట్టుకుని బతికించింది వీరవిద్యావంతులు. మాల కులస్తులు. కత్తి పట్టుకుని, పంబజోడు, తిత్తి తోడుగా, రాత్రుళ్ల తరబడి పాడేవాళ్లు. ఓరుగల్లు వీధుల్లో ఈ వీరుల కథ పాడటం 'క్రీడాభిరామం'లోనే కనపడుద్ది, అంటే కాకతీయుల నాటి సంగతి. 1970ల్లో జీన్ రోగైర్ అనే అమెరికా ఆయన ఇక్కడికొచ్చి, పాడేవాళ్ల నోటి నుంచి కథను రికార్డు చేసుకుపోయాడు. 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు ఇంగ్లీషులో అచ్చు వేశారు. అనుగురాజు పుట్టకముందు నుంచి మొదలయ్యే పొడుగాటి కథ, బాలచంద్రుడి ముక్క కాదు. పల్నాటి కథ వరసగా చదవాలనుకునే పల్నాటి పిల్లగాడు ఇంగ్లీషు పుస్తకం వెతుక్కోవాల్సి రావడం మాత్రం నాకు మింగుడు పడదు.

ఈ పాట వినేవాళ్లు తగ్గారు, పాడేవాళ్లు ఇంకా తగ్గారు. రాత్రి మొత్తం కూర్చునే తీరిక ఎవరికుంది అంటారు. పది సంపుటాల మలాజన్ చదివే తీరిక ఉంది గదా! ఎనిమిది సీజన్ల 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' చూసిన కళ్లే గదా ఇవి. తీరిక కాదు కావాల్సింది, అలవాటు. ఆ అలవాటు ఈ పిల్లలకు ఇంగ్లీషు పుస్తకాలు నేర్పుతన్నయ్. మార్టిన్ చదివినోడు, మంచోడనుకున్న నెడ్ స్టార్క్ తల మొదటి పుస్తకంలోనే తెగిపోతే తట్టుకోవడం నేర్చుకున్నాడు. ఒక అధ్యాయంలో అసహ్యించుకున్న మనిషి ఇంకో అధ్యాయంలో తన మాటల్లోనే చెప్పుకుంటుంటే, కాసేపు వాడి లోపల కూర్చోవడం నేర్చుకున్నాడు. అట్టాంటి చదువరికి నాగమ్మ కొత్త కాదు. నా లెక్కలో పల్నాటి కథను ఇప్పుడు సరిగ్గా చదవగలిగింది వీళ్లే. వాళ్లకు అందేటట్టు పెట్టేవాళ్లు లేరు, అంతే.

చదవాలనుకునేవాళ్లకు నేను చెప్పే వరస ఇది. బాలచంద్రుడితో మొదలెట్టొద్దు. ముందు అలరాజు రాయబారం, పేరిందేవి చావు చదవండి, వినండి. తిరునాళ్లు కూడా దాదాపు అట్టాగే మొదలవుద్ది గదా. అక్కడి నుంచి మందపోరుకు, కోడిపోరుకు వెనక్కి రండి. బాలచంద్రుడి బొంగరం, మాంచాల గది, అనపోతు చావు ఆ తర్వాత. అప్పుడు ఆ కుర్రాడి ఆవేశం వేరే రకంగా వినపడుద్ది. వెనక ఎన్ని శవాలున్నాయో మనకు తెలుసు, వాడికి తెలవదు.

చివరి ముక్క మీద జనం ఇప్పటికీ తగువు పడతారు. నలగాముడిని బ్రహ్మనాయుడు మళ్లీ ఎందుకు కూర్చోబెట్టాడు? రాజును చంపే హక్కు మంత్రికి లేదు కాబట్టి అని కొందరు. మొదటి నుంచీ ఆయన కోరుకుంది మలిదేవుల వాటానే గాని నలగాముడి తల కాదని ఇంకొందరు. పంచుకోవడానికి ఇక ఎవరూ మిగల్లేదు కాబట్టి అని మా వైపు ఆడవాళ్లు అనే మాట. ఆ తర్వాత ఆయన గుత్తికొండ బిలంలోకి పోయాడని, ఇంకా అందులోనే ఉన్నాడని నమ్మేవాళ్లున్నారు. తొలి ఏకాదశికి బిలం కాడికి పోయి నీళ్లు నెత్తిన చల్లుకుని వచ్చేవాళ్లలో కొందరు దారి పొడుగునా ఈ తగువే పడతా పోతారు.